అత్తయ్యకో ఫోను

మనవాళ్ళ విందుల్లో, వనభోజనాల్లో పిల్లల చదువులూ ఇళ్ళ ధరలూ మాట్లాడుకోవటం అయిపోయాక ఈమధ్య ఇంకో ప్రశ్న వినపడుతోంది. "మా అమ్మ తేలిగ్గా వాడుకోగలిగే ఫోను ఏదైనా ఉంటే చెప్పండి డాక్టరుగారూ!" అని. మన తరానికి నలభై దాటాయి. అమ్మానాన్నలకీ, అత్తమామలకీ డెబ్భై అయిదు, ఎనభై వచ్చాయి. కొందరు మన దగ్గరే ఉంటున్నారు. మనం ఆస్పత్రికో ఆఫీసుకో వెళ్ళిపోతే పగలంతా ఇంట్లో వాళ్ళొక్కరే. నేను రోజూ పెద్దవయసు పేషెంట్లని చూసేదాన్ని. పైగా మా అత్తయ్య మా దగ్గరకు వచ్చి తొమ్మిదేళ్ళయింది. కనక ఈ విషయంలో నాకు తెలిసినవీ, మా ఇంట్లో మేము పడ్డ పాట్లూ నాలుగు మాటలు రాయమని సావనీరు సంపాదకులు అడిగితే సరేనన్నాను.

ముందుగా ఒక మాట. "సెల్‌ఫోన్ ఉండగా ఇంకా తీగల ఫోను ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. మావారూ అదే అన్నారు. అత్తయ్యకి మంచి ఖరీదైన సెల్‌ఫోనే కొనిచ్చారు. అది మోగుతుంది. పచ్చబొమ్మని పక్కకి జరపాలి. అత్తయ్య నొక్కుతారు. నొక్కితే పలకదు, జరపాలి. జరిపితే ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి పలకదు. దీనికి కారణం తెలివితక్కువతనం కాదు. వయసు వచ్చినకొద్దీ వేళ్ళ చివర చర్మం ఎండిపోతుంది. అద్దం మీద పనిచేసే ఈ ఫోన్లు వేలిలోని తడి వల్ల జరిగే విద్యుత్ మార్పుని పసిగట్టి పనిచేస్తాయి. పొడివేలిని అవి వేలుగా లెక్కపెట్టవు. పైగా చెయ్యి కొద్దిగా వణికితే ఒక నొక్కుని రెండు నొక్కులనుకుంటాయి. తెనాలిలో ముప్ఫై ఏళ్ళు హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, ఒక అద్దంముక్క ముందు కూర్చుని "ఇది నన్ను గుర్తించటం లేదమ్మాయ్" అనవలసి వచ్చింది.

అప్పటికి మా ఇంట్లో ఒక కార్డ్‌లెస్ ఫోను కూడా ఉండేది. 2023 ఫిబ్రవరిలో మన మిషిగన్‌లో మంచువాన కురిసి, చెట్లు విరిగి తీగల మీద పడి, లక్షల ఇళ్ళకి కరెంటు పోయిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ రోజు నేను ఆస్పత్రిలో ఉన్నాను. మావారు వేరే ఊళ్ళో ఉన్నారు. అమ్మాయి కాలేజీలో ఉంది. అత్తయ్య ఒక్కరే ఇంట్లో ఉన్నారు. ఫోను చేశాను, మోగలేదు. మళ్ళీ చేశాను. సెల్‌కి చేశాను, ఎత్తలేదు. నాకు వచ్చిన ఆలోచనలు ఇక్కడ రాయను. డాక్టర్లకి ఇలాంటప్పుడు ఊహాశక్తి మరీ ఎక్కువ పనిచేస్తుంది. రోడ్డంతా గాజుపలకలా ఉంది. పావుగంట దారి గంటపైన పట్టింది. తలుపు తీసేసరికి అత్తయ్య రెండు దుప్పట్లు కప్పుకుని, దేవుడి దగ్గర దీపం వెలిగించుకుని కూర్చుని ఉన్నారు. "నాకేం భయం వెయ్యలేదమ్మాయ్. నువ్వు ఫోను చేస్తూ ఉంటావు, నేను పలకకపోతే కంగారు పడతావు, ఆ సంగతి నీకు చెప్పటానికి దారి లేదే అనే నా బాధ" అన్నారు.

ఆ మర్నాటి నుంచీ మా ఇంట్లో ఫోను వేట మొదలైంది.

పాతకాలపు రాగి తీగల ఫోనుకి కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచే, 48 వోల్టులు, ఆ తీగల్లోనే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను పలికేది అందుకే. ఇప్పుడు చాలా ఇళ్ళలో ల్యాండ్‌లైన్ అంటే పేరుకే. ఇంటర్నెట్ పెట్టె వెనకాల గుచ్చుకునే తీగ అది. ఆ పెట్టెకి ఇంటి కరెంటు కావాలి. ఏటీ అండ్ టీ కంపెనీ కాలిఫోర్నియా మినహాయించి తక్కిన తన ప్రాంతాల్లో 2029 చివరికల్లా రాగి తీగల ఫోను ఆపేస్తామని 2024 డిసెంబరులో ప్రకటించింది. ఇంగ్లండులో కూడా పాత ఎక్స్ఛేంజీలని 2027 జనవరికల్లా మూసేయాలని నిర్ణయించారు. కాబట్టి ఫోను కొనేముందు అది గుచ్చే పెట్టె సంగతి చూసుకోవాలి. దానికి బ్యాటరీ పెట్టించండి. ఎన్ని గంటలు నిలుస్తుందో మీ కంపెనీని అడిగి తెలుసుకోండి. ఆ పెట్టెకి గుచ్చే ఫోను మాత్రం తీగ ఉన్నదే, గోడ కరెంటు అక్కర్లేనిదే ఒకటి ఉండాలి. కార్డ్‌లెస్ ఫోను పీఠానికి మళ్ళీ వేరే కరెంటు కావాలి. అది పోతే చేతిలో ఉన్నది బొమ్మే.

ఇంతవరకు ఇంజనీరింగు, మావారి శాఖ. అసలు కష్టం ఇక్కడి నుంచి మొదలు.

దుకాణాల్లో "పెద్దల ఫోను" అని ఒక వరస పెట్టి ఉంటారు. ముసలితనమంతా ఒకటే జబ్బు అయినట్టు, దానికంతటికీ ఒకటే మందు ఉన్నట్టు! ఒకరికి కన్ను మసక. ఒకరికి చెవి మందం. ఒకరికి వేళ్ళు వంగవు. ఒకరికి మతిమరుపు. ఈ నలుగురికీ కావలసినవి నాలుగు వేరువేరు ఫోన్లు. మావారు మొదట తెచ్చింది ఫొటోల ఫోను. అంకెల బదులు కొడుకు బొమ్మ, కోడలి బొమ్మ, మనవరాలి బొమ్మ. బొమ్మని నొక్కితే చాలు, వాళ్ళకి పోతుంది. మతిమరుపు జబ్బు మొదలైన వాళ్ళకి ఇది నిజంగా వరం. నా పేషెంట్లు కొందరికి నేనే చెప్పి కొనిపించాను. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు చూపు తగ్గిందిరా అబ్బాయ్, లెక్కలు తగ్గలేదు" అన్నారు. ఆవిడకి ఇరవై నంబర్లు నోటికి వచ్చు. చనిపోయిన వాళ్ళవి కూడా వచ్చు. మర్నాడే ఆ ఫోను దుకాణానికి తిరిగి వెళ్ళిపోయింది.

ఆవిడకి కావలసింది పెద్ద అంకెలు. పెద్దవి అంటే సైజు ఒక్కటే కాదు. తెల్ల మీట మీద లేత బూడిదరంగు అంకె ఎంత పెద్దదైనా శుక్లం వచ్చిన కంటికి ఆనదు. తెలుపు మీద నలుపు, లేదా నలుపు మీద తెలుపు ఉండాలి. మీట నొక్కితే కిందికి దిగినట్టు వేలికి తెలియాలి. మధ్యలో ఉండే 5 మీద చిన్న బొడిపె ఉంటే చీకట్లో కూడా తడిమి చెయ్యొచ్చు. రిసీవరు బరువు గురించి ఎవరూ ఆలోచించరు. తేలికైన రిసీవరు పెట్టేటప్పుడు పక్కకి ఒరిగిపోయి, ఫోను ఎత్తి ఉన్నట్టే ఉండిపోతుంది. ఇక సాయంత్రం దాకా మనకి ఎంగేజి మోతే. అలాగని మరీ బరువైతే కీళ్ళ నొప్పుల చేతికి కష్టం. దుకాణంలో పెద్దవాళ్ళ చేతే ఎత్తించి, పెట్టించి చూడండి. ఊళ్ళో ఉన్న నల్లటి పాత డయలు ఫోను ముచ్చటపడి తెచ్చుకునే వాళ్ళకి ఒక హెచ్చరిక. ఇప్పటి పెట్టెలు చాలావాటికి ఆ తిప్పుడు డయలు భాష అర్థం కాదు. అలంకారానికి ఉంచుకోవలసిందే.

ఇక చెవి. నా అనుభవంలో అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. డెబ్భై అయిదు దాటిన వాళ్ళలో ఇంచుమించు సగం మందికి వినికిడి తగ్గుతుంది. అది అన్ని శబ్దాలకీ ఒకేలాగ తగ్గదు. కీచుగా ఉండే పై శబ్దాలు ముందు పోతాయి. మన మాటల్లో అచ్చులు కింది శబ్దాలు, హల్లుల్లో చాలావరకు పైవి. అందుకనే పెద్దవాళ్ళు "వినపడుతోంది కానీ మాట తెలియటం లేదు" అంటారు. మనం గట్టిగా అరుస్తాం. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి. దానికి తోడు మామూలు టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాల్నే మోస్తుంది. "స" కారం బలమంతా చాలావరకు ఆ పైనే ఉంటుంది. ఒకసారి తెనాలి నుంచి మా పిన్నత్తగారు, అంటే అత్తయ్య చెల్లెలు, మనవరాలు పుట్టిందని ఫోను చేశారు. "పాప పుట్టిందక్కా" అని అటునుంచి. "అయ్యో, ఏం కుట్టిందే?" అని ఇటునుంచి. అయిదు నిమిషాలు తేలు దగ్గరా, కందిరీగ దగ్గరా ఆగిపోయింది ఆ శుభవార్త.

అందుచేత శబ్దం పెంచటమే కాక, స్వరం కూడా మార్చుకునే మీట ఉన్న ఫోను చూడండి. దాన్ని తిప్పితే పై శబ్దాలు ఎక్కువగా పెరుగుతాయి. మామూలు ఫోన్లలో 12 నుంచి 18 డెసిబెల్స్ దాకా పెంచుకోవచ్చు. చెవి మందం వాళ్ళకని చేసినవి 40 దాకా, కొన్ని ఆ పైకి కూడా పెంచుతాయి. వీటిలో ఒక తిరకాసు ఉంది. మన చెవులు అదరకుండా ఉండటానికి, ఫోను పెట్టేయగానే శబ్దం మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ప్రతిసారీ మీట మళ్ళీ నొక్కాలి. ఆ సంగతి గుర్తులేక "ఈ ఫోను కూడా చెడిపోయింది" అని పక్కన పెట్టేసిన పేషెంట్లని చూశాను. కొన్నింటికి దీన్ని ఆపటానికి అడుగున చిన్న స్విచ్చు ఉంటుంది. కొనేముందు తిరగేసి చూడండి. చెవిలో మెషిను పెట్టుకునేవాళ్ళయితే, 1988లో వచ్చిన చట్టం వల్ల ఈ దేశంలో అమ్మే తీగల ఫోన్లు ఇంచుమించు అన్నీ చెవి మెషినుకి సరిపోయేట్టుగానే ఉంటాయి. మెషిన్లో "టీ" అనే అమరిక ఉందో లేదో అడగండి. అది పెడితే రిసీవరు దగ్గరకు తేగానే వచ్చే కీచుమోత రాదు.

అవతలివాళ్ళ మాటలు తెర మీద అక్షరాలుగా కనపడే ఫోన్లు కూడా వినికిడి తగ్గినవాళ్ళకి ఇక్కడ ఉచితంగా ఇస్తారు. చాలా గొప్ప సదుపాయం. మా అత్తయ్యకి మాత్రం పనికిరాలేదు. మేము చూసిన వాటిలో అక్షరాలు ఇంగ్లీషులోనూ, స్పానిష్‌లోనూ వస్తాయి తప్ప తెలుగులో రావు. మన పిల్లల్లో ఎవరైనా ఈ పని నెత్తికెత్తుకుంటే బాగుండును.

మోత కూడా విని చూసుకోవాలి. పిట్టకూతలాంటి సన్న మోత పెద్దవాళ్ళకి వినపడదు. కాస్త బొంగురుగా మోగాలి. మోగినప్పుడు దీపం కూడా వెలిగితే మరీ మంచిది. అరవై అయిదు దాటిన వాళ్ళలో ఏటా నలుగురిలో ఒకరు కింద పడుతున్నారు. మోగే ఫోను కోసం పరిగెత్తటం అందుకు ఒక కారణం కాకూడదు. మా ఇంట్లో ఒకటే రకం ఫోన్లు మూడు పెట్టాం. మంచం పక్కన ఒకటి, వంటింట్లో ఒకటి, ముందుగదిలో ఒకటి. మూడూ ఒకటే రకం కావటం ముఖ్యం. చెయ్యి ఒక్కసారే నేర్చుకుంటుంది. ఫోను తీగ నడిచే దారిలో పడి ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద మీటలు మూడు ఉన్నాయి ఆ ఫోనుకి. ఒక్క నొక్కుతో వెళ్ళే నంబర్లు అందులో పెట్టుకోవచ్చు. ఇక్కడ మనవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవలసింది ఒకటుంది. ఇండియా నంబరంటే 011, 91, ఆపైన పది అంకెలు, వెరసి 15. మీటలో అన్ని అంకెలు పడతాయో లేదో పెట్టె మీద చదవండి. ఆ మీటల్లో ఎవర్ని పెట్టాలని అత్తయ్యని అడిగాం. మొదటిది చెల్లెలికి అన్నారు. రెండోది, మన గుడిలో పరిచయమైన తమిళావిడకి. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి తమిళం రాదు, రోజూ గంటసేపు మాట్లాడుకుంటారు. మూడోది నాకు. మావారి మొహం చూడాలి ఆ సమయంలో. "నువ్వెప్పుడూ మీటింగులో ఉంటావు కదరా" అన్నారు అత్తయ్య శాంతంగా.

911 సంగతి మర్చిపోకండి. ఇంటర్నెట్ ద్వారా వచ్చే ఫోనుకి మీ ఇంటి చిరునామా కంపెనీ దగ్గర సరిగ్గా రాసి ఉండాలి. ఇల్లు మారినప్పుడు మార్పించాలి. అత్తయ్యకి ఇంగ్లీషు వచ్చు గాని కంగారులో రాదు. అందుకని 911 చేసి "తెలుగు, తెలుగు" అంటే చాలని నేర్పాను. చాలాచోట్ల దుబాసీని లైన్లోకి పిలిపిస్తారు. దొంగ ఫోన్ల గురించి కూడా చెప్పి ఉంచాం. మొన్న ఎవరో సర్కారు ఆఫీసు నుంచంటూ బెదిరిస్తే, అత్తయ్య తీరిగ్గా తెలుగులో ఏ ఊరు, ఎవరబ్బాయివి, ఎంతవరకు చదువుకున్నావని మొదలుపెట్టారట. అతనే పెట్టేశాడు.

ఇప్పుడు చలికాలంలో రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి, తెనాలిలో పొద్దున్న ఎనిమిదవుతుండగా, మొదటి మీట నొక్కుతారు. మేము పెట్టిచ్చింది కాదు, అడిగి చేయించుకోవలసింది కాదు. తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. ఇప్పుడు పిన్నత్తగారికి కూడా చెవి మందగించింది. వాళ్ళింట్లో ల్యాండ్‌లైన్ ఎప్పుడో తీసేశారు. కోడలి సెల్‌ఫోనే దిక్కు. కోడలు బజారుకి వెళ్తే అక్కచెల్లెళ్ళ మాటలు ఆ పూటకి లేనట్టే. సిమ్ కార్డు వేసుకుని బల్ల మీద పెట్టుకునే, మామూలు రిసీవరున్న ఫోన్లు అక్కడ దొరుకుతున్నాయి. వాటిలో శబ్దం బాగా పెరిగేది ఒకటి వెతుకుతున్నాం. వేసవిలో తెనాలి వెళ్తున్నాం. మీ ఇళ్ళల్లో ఎవరైనా అలాంటిది వాడి ఉంటే, పండగ నాడు భోజనాల దగ్గర కనపడి చెప్పండి.