పౌండ్ల లెక్కన కొన్న చలికోటు

చికెన్, ఉల్లిపాయలు, పాత పేపర్లు... తూకం వేసి కొనేవీ అమ్మేవీ మనకు చాలానే ఉన్నాయి. ఈమధ్య కిలోల లెక్కన చీరలమ్మే షాపులూ వచ్చాయి. కానీ అవి కొత్తవి. ఎవరో తొడిగి వదిలేసిన చొక్కా, ఇంకెవరిదో స్వెట్టరు, వేరే ఇంటి గిన్నె, చిన్నపిల్లల బొమ్మ... అన్నీ కలిపి తొట్లలో పోసి, 'ఏరుకో, తూకం వేయించుకో' అనే దుకాణం ఎప్పుడైనా చూశారా? అమెరికాలో ఉన్నాయి. పేరు గుడ్‌విల్ అవుట్‌లెట్. అలవాటైనవాళ్లు 'బిన్స్' అంటారు.

నేను ఖమ్మం నుంచి ఒహాయోకి ఎమ్మెస్ చదవడానికి వచ్చాను. రెండేళ్లుగా ఈ బిన్స్‌కి వెళ్తున్నాను. చవకగా కొనడం ఎలా అన్నది చెప్పడానికే అయితే పది లైన్లు చాలు. కానీ మన ఇళ్లలో 'ఒకరు విడిచిన బట్ట' అంటే అదో పెద్ద విషయం. ఆ మాట దాటుకుని తూకం దాకా వెళ్లడం అంత తేలిక కాదు.

తొట్టి దాకా వచ్చే దారి

గుడ్‌విల్ కథ 1902లో బోస్టన్‌లో మొదలైంది. ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టర్ ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి పాత బట్టలు, సామాన్లు సేకరించి, పనిలేని పేదవాళ్లతో వాటిని బాగుచేయించాడు. అమ్మగా వచ్చిన డబ్బుతోనే వాళ్లకి కూలి ఇచ్చాడు. ఇప్పుడు జనం ఉచితంగా ఇచ్చిన వస్తువులు ముందు మామూలు గుడ్‌విల్ స్టోర్‌కి వెళ్తాయి. అక్కడ హ్యాంగర్లుంటాయి, ధర చీటీలుంటాయి. కొన్ని వారాలు చూసి, అమ్ముడుపోనివాటిని అవుట్‌లెట్‌కి పంపేస్తారు. వచ్చే ఆదాయంతో ఉద్యోగ శిక్షణ లాంటి కార్యక్రమాలు నడుపుతారు.

అవుట్‌లెట్‌లో హ్యాంగర్లు లేవు, సైజుల వరుసలు లేవు. చక్రాలున్న నీలం ప్లాస్టిక్ తొట్లు, అంతే. కాసేపటికోసారి సిబ్బంది ఒక వరుస మొత్తం తీసేసి కొత్త తొట్లు తెస్తారు. అవన్నీ సర్దేదాకా అందరం వెనక్కి జరిగి నిలబడాలి. ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తత్కాల్ టికెట్ కోసం టైమ్ చూస్తూ కూర్చుంటాం కదా, అచ్చం అలాగే ఉంటుంది. సిబ్బంది 'సరే' అనగానే రెండు వైపుల నుంచీ చేతులు దిగుతాయి. నిమిషం పాటు ఎవరూ మాట్లాడరు.

ధర ఊరిని బట్టి మారుతుంది. మా దగ్గర బట్టలు పౌండు 1.79 డాలర్లు. పౌండంటే దాదాపు 454 గ్రాములు. బ్రాండు ఏదైనా, కొత్తదైనా పాతదైనా రేటు ఒకటే.

అమ్మ అడిగిన ప్రశ్న

ఆగస్టులో దిగినప్పుడు చలి గురించి ఎవరు చెప్పినా నవ్వుకున్నాను. నవంబరు వచ్చేసరికి బస్టాప్‌లో పది నిమిషాలు నిలబడితే చెవులున్నాయో లేవో తెలిసేది కాదు. మాల్‌లో మంచి కోటు 150 డాలర్లు. వచ్చిన కొత్తలో ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చుకుంటాం కదా. 12 వేల పైనే! నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు అది. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి లేదు. ఆ జీతం అద్దెకీ సరుకులకీ సరి.

సీనియర్ అక్క ఒకామె బిన్స్‌కి తీసుకెళ్లింది. నాలుగో తొట్టి అడుగున దొరికింది, ముదురు ఆకుపచ్చ కోటు. జిప్పు బాగుంది, లోపల ఉన్ని గట్టిగా ఉంది. రెండు స్వెట్టర్లు, ఒక దుప్పటి కూడా కలిపితే 11 పౌండ్లు. పన్నుతో 21 డాలర్ల చిల్లర.

ఆ రాత్రి వీడియో కాల్‌లో కోటు చూపించాను. అమ్మ మొహం మారిపోయింది.

"ఎవరిదో ఏమోనమ్మా... చచ్చిపోయినవాళ్లది కాదు కదా?"

"తెలీదమ్మా. అయ్యుండొచ్చు."

అమ్మ ఫోన్ నాన్నకిచ్చి లేచి వెళ్లిపోయింది. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వెచ్చగా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "డబ్బులు పంపమంటావా?" అన్నాడు. వద్దన్నాను. ఆయన దగ్గర లేవని ఇద్దరికీ తెలుసు.

అమ్మ భయంలో అబద్ధమేం లేదు. పెద్దవాళ్లు పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేసి అంతా ఇచ్చేస్తుంటారు. ఆ కోటు జేబులో నాకు ఒక చీటీ దొరికింది. వణికే చేత్తో రాసినట్టున్న అక్షరాలు: పాలు, బ్యాటరీలు, పిల్లికి తిండి. ఉన్నారో లేరో తెలియని మనిషి. భయం వెయ్యలేదు. ఆ పిల్లి ఏమైందో అనిపించింది.

మిగిలినవి ఎక్కడికి వెళ్తాయి?

బిన్స్‌లో కూడా ఎవరూ తీసుకోని బట్టలు చాలానే మిగులుతాయి. వాటిని యంత్రాలతో నొక్కి, పెద్ద పెద్ద బేళ్లుగా కట్టి టోకున అమ్మేస్తారు. అమెరికా నుంచి అలాంటి పాత బట్టల బేళ్లు ఎన్నో దేశాలకు ఓడెక్కుతాయి. ఘనా రాజధాని అక్రాలో కాంటమాంటో అని పాత బట్టల మహా మార్కెట్ ఉంది. అక్కడివాళ్లు వీటిని 'ఒబ్రోని వావు' అంటారు. అంటే 'చనిపోయిన తెల్లవాడి బట్టలు'! ఇది చదివినప్పుడు మా అమ్మే గుర్తొచ్చింది. ఇంత మంచి బట్టని బతికున్న మనిషి ఎందుకు వదులుకుంటాడన్నది వాళ్ల అనుమానం కూడా.

మన దేశానికీ వస్తాయి. తొడుక్కోవడానికి పనికొచ్చే పాత బట్టల దిగుమతి మీద ఆంక్షలున్నాయి కాబట్టి, చాలావాటిని ముందే కోసి పేలికలుగా పంపిస్తారు. హర్యానాలోని పానిపట్‌లో ఉన్ని బట్టలను రంగుల వారీగా వేరుచేసి, చీల్చి, మళ్లీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. వరదలు, భూకంపాలప్పుడు పంచే చవక దుప్పట్లు అక్కడ తయారైనవే చాలా ఉంటాయి.

ఇదంతా అమ్మకి చెప్పాను. విని, "మన బొంత లాగే" అంది. నిజమే! మా ఇంట్లో బొంతలో నాన్నమ్మ చీరలున్నాయి, అత్తల లంగాలున్నాయి. దాని కింద అందరం పడుకున్నాం. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాళ్లు వీధిలోకి వస్తే, అమ్మ జరీ చీర చూపించి బేసిన్ అడిగేది, వాళ్లు గిన్నె చాలనేవాళ్లు. ఆ చీరలు ఎక్కడో ఒకచోట ఎవరో కట్టుకునే ఉంటారు. మనం ఇచ్చేవాళ్లుగా ఉన్నంతకాలం పాత బట్ట మీద మనకి పేచీ లేదు. తీసుకునేవాళ్లమైతేనే ఇబ్బంది.

ఎవరి వాటా ఎవరిది?

బిన్స్‌లో నాలాంటి విద్యార్థులే కాదు, పిల్లల కోసం బూట్లు వెతికే తల్లులుంటారు. ఫోన్‌లో బ్రాండు ధర చూసుకుంటూ ఏరి, ఆన్‌లైన్‌లో తిరిగి అమ్ముకునేవాళ్లూ ఉంటారు. కొందరికి అదే జీవనం. ఒకాయన నాకు తోలు చూసి అసలో నకిలీయో ఎలా చెప్పాలో నేర్పాడు. మన కుర్రాళ్లు కొందరు 'మనమూ చేద్దాం' అంటుంటారు. ఎఫ్-1 వీసా మీద ఉండి, పని అనుమతి లేకుండా ఇలాంటి వ్యాపారం చేస్తే వీసాకే ముప్పు. ఆ ఆలోచనే వద్దు.

'మనం కొంటే నిజమైన పేదవాళ్లకి తగ్గిపోదా?' అని కూడా అడుగుతుంటారు. బిన్స్‌లో బట్టలకు కొరతేం ఉండదు. కొరత మంచి చలికోట్లకే, అదీ నవంబరు నుంచి. అందుకే నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది: చలికాలంలో ఒంటి మీదికి ఒక్క కోటు, అంతే. రెండోది ఎంత బాగున్నా తొట్టి అంచు మీద వేలాడదీసి వచ్చేస్తాను, పక్కవాళ్లకి కనపడేలా.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. తొట్లలో పగిలిన గాజు ఉండొచ్చు, గ్లవ్స్ తప్పనిసరి. ఏం కావాలో ముందే రాసుకోండి. లేకపోతే ఆ ధరకి అన్నీ కావాలనిపిస్తాయి, గది నిండిపోతుంది. జిప్పు, చంకలు, జేబులు చూడండి. పక్కవాళ్ల బండిలో చెయ్యి పెట్టకండి. ఇంటికొచ్చాక ముందు వేడి డ్రైయర్‌లో వేయండి, నల్లుల భయం ఉండదు. హెల్మెట్లు, చిన్నపిల్లల కారు సీట్లు మాత్రం వద్దు. అవి ఏ ప్రమాదంలో దెబ్బతిన్నాయో బయటికి కనపడదు.

నా అప్పు ఇంకా తీరలేదు. కోటుకి ఇది మూడో చలికాలం. ఈ ఆగస్టులో మన దగ్గర్నుంచి వచ్చిన జూనియర్లు నలుగురిని పోయిన ఆదివారం బిన్స్‌కి తీసుకెళ్లాను. కరీంనగర్ అమ్మాయి ఒకతి ఎర్ర కోటు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. "అక్కా, ఇంట్లో ఏమని చెప్పాలి?" అంది.

"ఉన్నదే చెప్పు. రెండ్రోజులు బాధపడతారు. జేబులు చూశావా?" అన్నాను.

చూసింది. ఏమీ లేవు. తూకం వేయించుకుంది.