ఏమి తింటివని అడుగకముందు

ఇంట నొక బిడ్డ జబ్బుపడినప్పుడు తప్పెవరిదని వెదకుట మనకు అలవాటు. నేనును వెదకితిని. అందుకు సిగ్గుపడి యీ మాటలు వ్రాయుచున్నాను.

నా మేనకోడలు బాన్సువాడలో మా యింటనుండి పదవ తరగతి చదివెను. పదకొండవ యేటనే ఆమెకు మధుమేహము కనబడెను. ఆమె దేహములో ఇన్సులిన్ ఊరదు గనుక దినమునకు నాలుగు సూదులు వేసికొనవలెను. 1922వ సంవత్సరము జనవరిలో టొరంటో పట్టణమున లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొదట ఎక్కించిన మందు అదియే.

పరీక్షలు దగ్గరపడగా ఆమె నెత్తుటిలో చక్కెర 300 దాటుచుండెను. తిండి అదే, మందు అదే. "దొంగచాటుగా మిఠాయి తింటివి గదా?" అని గద్దించితిని. "లేదు మామా" అని ఏడ్చెను. నేను నమ్మలేదు. మరునాడు చక్కెర ఇంకను పెరిగెను.

వైద్యుడు నాతో ఇట్లనెను: "పిల్ల అబద్ధమాడలేదు. భయము కలిగినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనునవి నెత్తుటిలోనికి వచ్చును. కాలేయము దాచిన చక్కెరను విడుచును. ఇన్సులిన్ పని మందగించును. ఎదిగే వయస్సులో అది మామూలుగానే తక్కువ పనిచేయును. నిజాంసాగరు తూములెత్తి పొలముల మడవలు మూసినచో కాలువ ఏమగును? మన దేహములైతే మరికొంత ఇన్సులిన్ ఊరించి సరిచేసికొనును. ఈ బిడ్డకు ఆ ఊట లేదు. మీ గద్దింపు ఆ భయమునకు తోడైనది."

ఆ సాయంకాలము ఆమెను క్షమాపణ అడిగితిని. అప్పుడు గదా అసలు సంగతి చెప్పెను! తోటివారు చూతురని బడిలో మధ్యాహ్నపు సూదిని కొన్ని దినములు మానెనట. "జబ్బు పిల్లను ఎవరు చేసికొందురు?" అని ఇరుగుపొరుగువారన్న మాట ఆమె వినియుండెను.

పంతులమ్మకు సంగతి తెలిపితిమి. సాయంకాలము కాలువగట్టున నడచుచు ఆమె చెప్పినది వింటిని. వైద్యుడు మందు మోతాదు సవరించెను. అంకెలు మెల్లమెల్లగా దిగెను.

చదువరులారా, రెండు మాటలు మరువకుడి. వణకు, చెమట భయమువలనను కలుగును, చక్కెర పడిపోవుటవలనను కలుగును. ఊహింపక పరీక్షించి చూడుడి. చక్కెర హెచ్చి వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కలిగినచో తడవు చేయక ఆసుపత్రికి తీసికొని పొండి. ఇన్సులిన్ ఎన్నడును మాన్పింపకుడి.

అంకె పెరిగిన దినమున "ఏమి తింటివి?" అని అడుగకముందు, "నీ బెంగ ఏమి, బిడ్డా?" అని అడుగుడి.