ఎస్పో, ఎస్బో, నా తెలుగు

ఈసారి మేముండే ఊరి గురించి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

మా ఊరు ఎస్పో. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీకి ఆనుకుని ఉంటుంది. దేశంలో రెండో పెద్ద నగరమే కానీ చూస్తే అలా అనిపించదు. నడిబొడ్డు అంటూ ఒకటి లేదు. ఐదు పెద్ద పేటలు, వాటి మధ్య అడవి, సరస్సులు. 15వ శతాబ్దంలో కట్టిన రాతి చర్చి ఉంది. 1950లలో చెట్ల మధ్య కట్టడం మొదలుపెట్టిన తపియోలా అనే పేట ఉంది. తపియో అంటే ఫిన్నిష్ కథల్లో అడవి దేవుడు. ‘లా’ అంటే ఉండే చోటు. ఆగస్టులో నూక్సియో అడవికి వెళ్ళి బ్లూబెర్రీలు కోసుకుంటాం. ఎవరినీ అడగక్కర్లేదు. ఇక్కడ అది అందరి హక్కు.

నాకు అన్నిటికన్నా ఇష్టం వీధి బోర్డులు. పైన ఫిన్నిష్, కింద స్వీడిష్. ఎస్పో కింద ఎస్బో. లెప్పవారా కింద ఆల్బెర్గా. స్వీడిష్ మాట్లాడేవాళ్ళు ఊళ్ళో పదిమందిలో ఒకరు కూడా ఉండరు. అయినా వాళ్ళ భాష బోర్డు మీద ఉంటుంది.

రెండేళ్ళ క్రితం కార్తీకంలో గుడి తరఫున సత్యనారాయణ వ్రతం చేశాం. నా పని ఎప్పుడూ ప్రసాదం కలపడం, గిన్నెలు కడగడం. ఆరోజు కథ చదివే ఆయనకి జ్వరం. రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ పుస్తకం నా చేతిలో పెట్టి, “నువ్వు చదువమ్మా” అన్నారు. నా చదువంతా ఇంగ్లీష్ మీడియం. తెలుగు మాట్లాడతాను, చదవడం రాదు. కళ్ళజోడు మర్చిపోయానని అబద్ధం చెప్పాను. అది నా నెత్తి మీదే ఉంది! ఆవిడ చూశారు. ఏమీ అనకుండా పుస్తకం తీసుకుని తనే చదివారు.

ఇంటికి వస్తుంటే బస్సు కిటికీలోంచి బోర్డులు కనిపించాయి. మా ఇంట్లో కింది వరస నేనే చెరిపేశాను అనిపించింది. మా పిల్లలకి ఒక్క తెలుగు అక్షరం కూడా నేర్పలేదు.

మర్నాడే అ, ఆ మొదలుపెట్టాను. విచిత్రంగా ఫిన్నిష్ సాయం చేసింది. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే సుంకం. మన గడి, గాడి, గడ్డి లాగే. ఎస్పోస్స అంటే ఎస్పోలో, ఎస్పోస్త అంటే ఎస్పో నుంచి. మనలాగే మాట చివర తగిలిస్తారు. ఇది విని మా మనవరాలు, “అమ్మమ్మా, అయితే నాకూ వస్తుంది” అని పక్కన కూర్చుంది. ఇప్పుడు ఒత్తులు నాకన్నా బాగా రాస్తుంది.

ఈ కార్తీకంలో ఒక అధ్యాయం నేను చదువుతానని పేరిచ్చాను. నెమ్మదిగా చదువుతాను. కళ్ళజోడు మాత్రం మర్చిపోను.