వేళగాని వేళ ఆకలి

2022 వ సంవత్సరపు శ్రావణమాసమున నొకనాటి రాత్రి, ఇంటిల్లిపాదియు నిద్రించిన పిదప, మేము దీపము వేయకయే వంటింటిలోనికి పోయి, పప్పుడబ్బాల వెనుక దాచిన బెల్లపుడబ్బా తీసి, నిలుచుండియే తినుచుంటిమి. అప్పటికి తొమ్మిదేండ్ల మా కుమార్తె మంచినీళ్లకు లేచివచ్చి, "అమ్మా, చీకట్లో ఏం తింటున్నావు?" అని యడిగినది. "మాత్ర వేసుకుంటున్నాను" అని బొంకితిమి. దినమును దానికి నీతిపద్యములు చెప్పించు నోటితో నాడిన యా బొంకు మమ్ము చాలకాలము బాధించినది. సోదరీమణులతో నీ సంగతి చెప్పుకొనుట యందులకే.

అంతకు ముందటి యేడు మాకు నెలసరి రెండు మూడు నెలల కొకసారి వచ్చుచు, గడ్డమున వెండ్రుకలు మొలచి, బరువు 74 కిలోలైనది. వైద్యురాలు రక్తపరీక్షలును స్కానింగును చేయించి, ఇది పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అని చెప్పినది. కడుపులో గడ్డలు లేచినవని భయపడితిమి. అవి గడ్డలు కావు. అండములు పూర్తిగా నెదుగక నిలిచిపోయిన చిన్న సంచులు మాత్రమే. 1935 లో అమెరికాదేశపు షికాగో నగరమున స్టెయిన్, లెవెంథాల్ అను వైద్యులు ఏడుగురు స్త్రీలయందు దీనిని గుర్తించి వ్రాసిరి. ఇప్పుడు సంతానవయస్సులోని స్త్రీలలో నూటికి పదిమంది దరిదాపున నీ వ్యాధి కలదని యంచనా. సన్నగా నున్నవారికిని ఇది రావచ్చును.

వైద్యురాలు బరువు కొంత తగ్గింపుమన్నది. మేము దానిని పస్తుండుమన్నట్లు గ్రహించితిమి. లంఖణము పరమౌషధమను మాట చిన్ననాటినుండి విన్నవారము గదా! ఏకాదశికి తోడు శనివారము, గురువారము కూడ నుపవాసములు పెట్టుకొంటిమి. అత్తగారు భక్తి పెరిగినదని సంతోషించిరి. తక్కిన దినములలో మాత్రము తిన్నగా తింటిమా? ఉదయము కాఫీతో సరి. మావారిని బడికి, పిల్లను చదువునకు పంపి, అత్తగారికి వడ్డించి, మేము కంచము ముందు కూర్చుండుసరికి మూడుగంటలు. అప్పటికి కూర అడుగంటును, పప్పు చెంచాడు మిగులును, అన్నము మాత్రము గిన్నెనిండ నుండును. పాఱవేయ మనసొప్పక దానినే యావకాయతో కలిపి ముగించెడివారము. మన యిండ్లలో నెందఱు గృహిణుల భోజన మిట్టిది కాదు?

ఈ వ్యాధి గల పెక్కుమందికి దేహము ఇన్సులిన్ మాట వినదు. అందుచే క్లోమము మఱింత ఇన్సులిన్ నూరించును. ఆ యధికపు ఇన్సులిన్ అండాశయములను పురికొల్పి, పురుషులలో మెండుగా నుండు హార్మోనులను పెంచును. పప్పుకూరలు లేని వట్టి యన్నము రక్తములో చక్కెరను త్వరగా నెక్కించును. అది మరల దిగునప్పుడు ఆకలి రెట్టించును. పగలెల్ల కడుపు మాడ్చుకొన్నవారికి రాత్రి బెల్లముమీదికి మనసు పోవుట వింత కాదు. మేమో, దానిని జిహ్వచాపల్యమని తలచి, మఱునాడు మరల పస్తుండి మమ్ము మేము శిక్షించుకొనుచుంటిమి. మితిమీఱి తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము లేదని గీత యాఱవ యధ్యాయమున చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదివినదే! మొదటి సగము మాత్రమే మాకు గుర్తున్నది కాబోలు.

వైద్యురాలితో బెల్లపు సంగతి దాపఱికము లేక చెప్పిన నాడు, ఆమె మందలింపక, "మీరు ఏ వేళకు తింటారు?" అని మాత్రమడిగినది. ఈ వ్యాధికి ఫలానా పథ్యమే శ్రేష్ఠమని లేదనియు, నడపుకొనగలిగినదే మేలనియు చెప్పినది. అంతట వారపు ఉపవాసములు మానితిమి. అత్తగారికిది రుచింపలేదు, "మందు కంటె దేవుడు లోకువయ్యాడు" అనిరి. మావారు కలుగజేసికొన్న పిదపనే యా మాట యాగినది.

ఉదయము ఇడ్లీకి బదులు పొట్టుపెసల పెసరట్టు. బడిలో మధ్యాహ్నపు గంట మా యింటికి వినవచ్చును. అది మ్రోగగానే, ఎవరు తిన్నను తినకున్నను, మేము కంచము పెట్టుకొందుము. మా వంతు కూరపప్పులు ముందే తీసి యుంచుదుము. కంచములో సగము కూర, పావు పప్పు, పావు అన్నము. కొఱ్ఱన్నము కొన్నాళ్లు వండితిమి గాని అది మాకు సయింపలేదు. సాయంకాలము ఉడికించిన సెనగలు, చిలికిన మజ్జిగ. రాత్రి భోజనమైన వెనుక వీధిచివఱ వఱకు నడక. వైద్యురాలిచ్చిన మెట్‌ఫార్మిన్ మాత్రలు సరేసరి. ఏడాదికి బరువు 69 కిలోలకు దిగినది; నెలసరి యిప్పుడు నలువది దినములలోపల వచ్చుచున్నది. బెల్లము పంచదారకంటె మంచిదని మాకుండిన భ్రమయు పోయినది. రక్తములో చేరినపిదప రెండును ఒకటే.

ఓటమి లేదనము. గడచిన సంక్రాంతికి అరిసెలు వండిన రాత్రి నాలుగు తింటిమి. మఱునాడు పస్తుండ లేదు; పెసరట్టే తింటిమి. అది మాకు కొత్త.

ఈ వ్యాధి కుటుంబములలో సాగుట కలదు గనుక మా పిల్లను చూచినపుడెల్ల గుండె జల్లుమనును. నిరుడొకనాడు అది, "నేనూ లావైతే నీలాగ పస్తుండాలా?" అని యడిగినది. ఆ పూటనే దానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వ్యాధి సంగతియు, ఆ రాత్రి మాత్ర కాదు, బెల్లమనియు చెప్పితిమి. "నాకు అప్పుడే వాసన వచ్చిందిలే అమ్మా" అన్నది. బెల్లపుడబ్బా నిప్పుడు ముందటి యరలోనే, చీమలు పట్టకుండ నీళ్లపళ్లెములో పెట్టుచున్నాము.