ఊరికే నడక

మన ఇళ్ళల్లో ఆడది గడప దాటి నాలుగడుగులు వేయాలంటే దానికో కారణం ఉండాలి. గుడికనో, కూరల మార్కెట్టుకనో, పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురావాలనో, చివరికి షుగరుందని డాక్టరు చెప్పాడనో ఏదో ఒకటి. "ఊరికే అలా నడిచొస్తాను" అన్నామా, ఇంట్లోవాళ్ళు మొహం వంక అదోలా చూస్తారు. ఏదో మనసులో పెట్టుకుని వెళ్తోందనుకుంటారు. అలాంటిది కిందటేడు మే నెలలో వారం రోజులపాటు, గ్రీసు దేశంలో తీనోస్ అనే ద్వీపంలో, పొద్దున్న టిఫిన్ అయింది మొదలు పొద్దువాలే దాకా నేను ఊరికే నడిచాను. నాకు అరవై మూడేళ్ళని కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథలో సగం అర్థం కాదు.

మా అమ్మాయీ అల్లుడూ మ్యూనిక్‌లో ఉంటారు. నేను మూడు నెలల వీసా మీద వెళ్ళాను. గ్రీసు అనగానే నాకు తెలిసింది శాంటోరిని ఒక్కటే, తెల్ల ఇళ్ళూ నీలం గుమ్మటాలూ. "అక్కడ తిరునాళ్ళలా ఉంటుంది అత్తయ్యగారూ, కాలు పెట్టడానికి చోటుండదు. తీనోస్ వెళ్దాం, పాత గాడిదల బాటలున్నాయిట, మనుషులు కూడా నడుస్తారుట" అన్నాడు మా అల్లుడు. ఏథెన్స్ దగ్గర రఫీనా రేవులో ఓడ ఎక్కితే నాలుగు గంటల్లో దించేశారు.

ఈ సెలవుకి వెనక ఇంకో సంగతుంది. మావారు పోయి మూడేళ్ళయింది. కాకినాడలో ఆ పాత ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. ఇల్లు అమ్మేసి, హైదరాబాదు అవతల పెద్దవాళ్ళ కోసం కట్టిన ఒక కాలనీలో ఫ్లాటు తీసుకోమని అమ్మాయి పోరు. లిఫ్టూ, నర్సూ, వేళకి భోజనం అన్నీ ఉంటాయిట. ఆ కాగితాలు దాని సంచీలో మాతోపాటే ఓడెక్కాయని నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

దిగగానే ఎదురుగా రేవు నుంచి గుట్ట మీది గుడి దాకా నిటారుగా ఒక వీధి. దాని అంచు పొడుగునా పట్టీలాగా తివాచీ పరిచి ఉంది. ఎందుకా అని చూస్తుంటే, నల్లగౌను వేసుకున్న ఒకావిడ మోకాళ్ళ మీద పాకుతూ పైకి వెళ్తోంది! పక్కనే ఆవిడ కూతురు కాబోలు, నీళ్ళసీసా పట్టుకుని నడుస్తోంది. అలిపిరి మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. నాకు ఆ క్షణంలో విదేశంలో ఉన్నాననే బెరుకు పోయింది.

ఆ గుడి మేరీమాతది. 1822లో ఇక్కడి కొండమీద మఠంలో ఉండే పెలాగియా అనే సన్యాసినికి అమ్మవారు కలలో కనబడి, ఫలానా పొలంలో నా పటం ఉంది, తవ్వించమందిట. 1823 జనవరిలో తవ్వితే దొరికింది. అప్పుడే గ్రీకులు టర్కీవాళ్ళ మీద తిరగబడి స్వాతంత్ర్యం కోసం యుద్ధం చేస్తున్నారు, అంచేత అది దేశానికంతటికీ శుభశకునమైంది. ఏటా ఆగస్టు 15న పెద్ద ఉత్సవం. 1940లో సరిగ్గా అదే రోజున, రేవులో ఆగివున్న ఎల్లీ అనే గ్రీకు యుద్ధనౌకని ఇటలీ జలాంతర్గామి ముంచేసింది. లోపల పైకప్పు నిండా వెండి మొక్కుబళ్ళు వేలాడుతుంటాయి: ఓడలు, కాళ్ళు, కళ్ళు, ఉయ్యాలలు. ఒక వెండి నారింజచెట్టు కూడా ఉంది. చూపులేని ఒకాయన, చూపొస్తే మొదట కంటబడ్డది చేయించి ఇస్తానని మొక్కుకున్నాడుట. కంటబడింది నారింజచెట్టు. మొదట పెళ్ళాం మొహమే కనబడి ఉంటే ఏం చేయించేవాడో!

సరే, నడక సంగతికొస్తాను. ఈ ద్వీపంలో నలభైకి పైగా ఊళ్ళున్నాయి. కార్లూ బస్సులూ రాకముందు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మనుషులూ గాడిదలూ నడవడానికి రాళ్ళు పరిచి వేసిన బాటలే ఇప్పటికీ ఉన్నాయి. "కల్దెరీమి" అంటారు వాటిని. ఎక్కడ కొండ నిలువుగా ఉంటే అక్కడ వెడల్పు మెట్లు. రెండువైపులా సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. ఆ గోడల సందుల్లో నీలం పూలు, వాము వాసన వేసే పొదలు. మేకలు తప్పించుకుపోకుండా దారికడ్డంగా తడికలు కట్టి ఉంటాయి. తీగ విప్పి, దాటి, మళ్ళీ జాగ్రత్తగా కట్టెయ్యాలి. ఆ మర్యాద ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది, మేకలున్న దేశం వాళ్ళం కదా.

మొదటిరోజు అందరం కలిసే బయల్దేరాం. నాలుగేళ్ళ మనవడు అరగంటకే తండ్రి భుజమెక్కాడు, గంటకి సముద్రం కావాలని రాగం మొదలెట్టాడు. "మీరు వెళ్ళండి, నేను ఇలా నడిచొస్తాను" అన్నాను. అమ్మాయి మొహంలో రంగు పోయింది. చివరికి నా ఫోన్ లాక్కుని ఏదో నొక్కింది. నేనెక్కడుంటే అక్కడ దాని ఫోన్‌లో ఒక నీలం చుక్క కనబడుతుందిట. "నువ్వు నడిస్తే చుక్క నడుస్తుంది" అంది. ఈ వయసులో నాకు కాపలా పెట్టారన్నమాట! ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ చుక్క ఉంది కాబట్టే నన్ను వదిలింది.

ఆ ఊళ్ళల్లో ముసలమ్మలు గుమ్మాల్లో కూర్చుని ఉంటారు. కొత్తమనిషి కనబడితే "పూ పాస్?" అని అడక్కుండా పోనివ్వరు. ఎక్కడికి వెళ్తున్నావు అని. మన రామారావుపేటలోలాగే. ఏం చెప్పాలో తెలీక మొదటిరోజు నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి మేం దిగిన ఇంటావిడని అడిగితే "వోల్టా అని చెప్పండి" అంది. వోల్టా అంటే ఊరికే, ఏ పనీ లేకుండా, కాసేపు అలా తిరిగి రావడం. దానికొక మాటే ఉంది చూడండి! సాయంత్రమైతే చాలు, కుటుంబాలకి కుటుంబాలు రేవు పక్కన వోల్టాకి వస్తాయి. నాకా మాట ఎంత నచ్చిందో చెప్పలేను.

మర్నాడు తరంబాదోస్ అనే ఊళ్ళో వాగు వెంబడి దిగాను. అక్కడివి పావురాల మేడలు. మనుషుల ఇళ్ళకంటే అందంగా పావురాలకి ఇళ్ళు కట్టిన ఊళ్ళని నేనెక్కడా చూడలేదు. కింది అంతస్తులో పనిముట్లు, పైన పావురాలు. పై గోడలనిండా సన్నటి పలకరాళ్ళు నిలబెట్టి త్రికోణాలూ, డైమండ్లూ, సూర్యుళ్ళూ, చెట్లూ చేశారు. అచ్చం ముగ్గులు! సంక్రాంతికి వీధిలో వేసిన ముగ్గుని ఎత్తి గోడకి నిలబెట్టినట్టుంది. వెనిస్ దొరలు ఏలినప్పుడు పావురాలు పెంచే హక్కు దొరలకే ఉండేది. 1715లో వాళ్ళు టర్కీవాళ్ళకి కోట అప్పగించి వెళ్ళిపోయాక, రైతులు తలా ఒక మేడా కట్టుకున్నారు. మాంసానికి పక్షి, పొలానికి రెట్ట. మన కళ్ళకి ముగ్గు గానీ వాళ్ళకి అది ఎరువుల కొట్టు.

ఊళ్ళోకి తిరిగి ఎక్కుతుంటే నల్లబట్టల ముసలమ్మ ఒకావిడ "పూ పాస్?" అంది. నేను దర్జాగా "వోల్టా" అన్నాను. ఆవిడ నా బూట్లు చూసి, ఎండ చూసి, కొండ చూసి, ఒకటే నవ్వు. ఇంత దూరం వోల్టా ఏమిటీ అని కాబోలు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చల్లటి నీళ్ళూ, పంచదార పాకంలో ఊరిన నారింజతొక్కా ఒక చెంచాతో ఇచ్చింది. మీ ఆయన ఎక్కడ అని సైగ చేసింది. నేను ఆకాశం వైపు చూపించాను. ఆవిడ తన నల్లచేతిని పట్టి చూపించి, తనకీ అంతేనంది. ఆ ఊళ్ళల్లో పాతకాలపు ఆడవాళ్ళు మొగుడు పోతే ఇక నల్లబట్టలే. తర్వాత నా పసుపు చున్నీ కొస పట్టుకుని, వేళ్ళ మధ్య నలిపి చూసింది. తప్పుపడుతోందేమో అనుకున్నాను. కాదు. దాన్ని నా భుజం మీద సరిగ్గా సర్ది, బుగ్గ తట్టింది. మా అత్తగారు బతికుంటే ఏమనేదో గానీ, ఆవిడ మాత్రం అలా చేసింది.

అంతలో గుమ్మం ముందు కారు కీచుమని ఆగింది. మా అమ్మాయి! జుట్టంతా రేగిపోయి, కళ్ళనిండా నీళ్ళు. "గంట నుంచీ చుక్క కదల్లేదమ్మా!" అని అక్కడే మెట్టు మీద కూలబడింది. వాగులో సిగ్నలు లేక నా చుక్క పావురాల మేడల దగ్గరే ఆగిపోయిందిట. ముసలమ్మకి భాష రాకపోయినా విషయం అర్థమైంది. దానికీ ఒక చెంచా నారింజతొక్క పెట్టి, దిష్టి తగలకుండా "ఫ్తూ ఫ్తూ ఫ్తూ" అని మూడుసార్లు ఉమ్మినట్టు చేసింది. వాళ్ళకీ దిష్టి ఉంది, నీలంపూస ఉంది.

ఆ తర్వాత రెండురోజులు అమ్మాయి కూడా నాతో నడిచింది. కాపలాకో, ఇష్టపడో నేను అడగలేదు. ఎక్సోంవుర్గో అనే కోటకొండ పక్కనుంచి కూమరోస్ మీదుగా వోలాక్స్‌కి వెళ్ళాం. కూమరోస్‌లో యజమాని లేని కాఫీ కొట్టు ఉంది. మనమే కాఫీ కలుపుకుని తాగి, డబ్బులు అక్కడ పెట్టి వెళ్ళాలి. వోలాక్స్ చుట్టూ ఏనుగులంత గుండ్రాళ్ళు. హైదరాబాదు జూబ్లీహిల్స్ ఒకప్పుడు ఎలా ఉండేదో చూసినవాళ్ళకి ఇక వర్ణించక్కర్లేదు. తేడా ఏమిటంటే మనవాళ్ళు రాళ్ళు పేల్చి ఇళ్ళు కట్టారు, వీళ్ళు రాళ్ళనే గోడలుగా ఉంచుకుని ఇళ్ళు కట్టారు. ఆ ఊరివాళ్ళ వృత్తి బుట్టలల్లడం. తిండికి లోటు రాలేదు. వీళ్ళకి ఉపవాసాలెక్కువ కాబట్టి మాంసం లేని వంటలు బోలెడు. టొమాటోల్లో అన్నం కూరి వండుతారు, అడవి ఆకుకూర ఉడికించి నిమ్మరసం పిండుతారు. గోంగూర లేదనే గానీ.

చివరిరోజు బస్సులో పిర్గోస్ వెళ్ళాం. చలవరాతి పనివాళ్ళ ఊరు. బస్‌స్టాపు కూడా చలవరాయే. గుమ్మాల మీద చలవరాతిలో చెక్కిన ఓడలూ పక్షులూ. వీళ్ళ పనితనాన్ని 2015లో యునెస్కో వారసత్వాల జాబితాలో చేర్చారు. అక్కడే యన్నూలిస్ హలెపాస్ అనే శిల్పి ఇల్లుంది. చిన్న గదులు, ఒక మంచం, ఒక పొయ్యి. 1851లో పుట్టాడు. మా అమ్మాయి ఉండే మ్యూనిక్‌లోనే చదువుకున్నాడు. పాతికేళ్ళు దాటాయో లేదో, ఏథెన్స్ శ్మశానంలో ఒక పడుచుపిల్ల సమాధి మీద నిద్రపోతున్న అమ్మాయిని చెక్కి పేరు తెచ్చుకున్నాడు. అప్పుడే మతి చలించింది. 1888లో కోర్ఫూ ద్వీపంలో పిచ్చాసుపత్రిలో పెట్టారు. తండ్రి పోయాక 1902లో తల్లి ఇంటికి తెచ్చుకుంది. కొడుకుని పాడుచేసింది ఈ శిల్పాలేనని ఆవిడ నమ్మకం. వాడు మట్టితో ఏ బొమ్మ చేసినా పగలగొట్టేసేది. గొర్రెలు కాసుకోమంది. 1916లో ఆవిడ పోయింది. ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు, తల్లి దగ్గర పద్నాలుగేళ్ళు, రెండు వనవాసాలు. అప్పుడు మళ్ళీ మట్టి చేతిలోకి తీసుకున్నాడు.

"రాక్షసి" అంది మా అమ్మాయి.

"కాదే," అన్నాను. "పిచ్చాసుపత్రి నుంచి తెచ్చుకున్న కొడుకు. మళ్ళీ ఎక్కడ పోతాడోనని ఆవిడ భయం. ఆ రోజుల్లో డాక్టర్లకి తెలిసింది మాత్రం ఏముంది? అన్నం పెట్టింది, దగ్గర పెట్టుకుంది. తనకి తోచిన మందు అది."

"భయమేస్తే చేతిలో పని లాగేసుకుంటారా?" అంది అది విసురుగా. అని, ఆగిపోయింది.

నేనేమీ అనలేదు. ఆ తల్లిని నేను పూర్తిగా వెనకేసుకు రాను. పద్నాలుగేళ్ళు చాలా ఎక్కువ. కానీ ఆవిడని రాక్షసి అనేవాళ్ళెవరూ రాత్రిళ్ళు పక్కగదిలో కొడుకు దగ్గు వింటూ పడుకుని ఉండరు. "మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆయనకి ఎన్నేళ్ళు?" అని అడిగింది కాసేపటికి. అరవై అయిదు. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. 1927లో ఏథెన్స్ అకాడమీవాళ్ళు బహుమతి కూడా ఇచ్చారు. 1938లో పోయాడు.

పిర్గోస్ నుంచి పనోర్మోస్ రేవు దాకా దిగుడు, గంట నడక. ఒకప్పుడు చలవరాళ్ళు ఓడలకెక్కించిన రేవు అది. ఉత్తరపు గాలి మొహాన కొడుతోంది. అల్లుడూ మనవడూ కారులో ముందే వెళ్ళిపోయారు. సగం దూరంలో అమ్మాయి కాలికి బొబ్బ లేచి గట్టు మీద కూర్చుంది. బూటు విప్పి, నా సంచీలోంచి పట్టీ తీసి అతికించాను.

"ఆ కాలనీలో వాకింగ్ ట్రాక్ ఉందిట, తెలుసా?" అంది, నా మొహం చూడకుండా.

"చుట్టూ ఎంత?"

"నాలుగొందల మీటర్లు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అది ఫోన్ తీసి ఏదో నొక్కింది. "నీ చుక్క తీసేశాను. కాకినాడ వెళ్ళాక మాత్రం మళ్ళీ పెడతాను, వద్దనకు" అంది. సరేనన్నాను. కాగితాలు సంచీలోంచి బయటికి రాలేదు. మ్యూనిక్ వెళ్ళాక వస్తాయేమో, అప్పుడు మాట్లాడుకుంటాం. దానికి చెయ్యి అందించి లేవదీశాను. రేవు కనబడుతోంది, అక్కడ మనవడు మా కోసం చేతులూపుతున్నాడు.