ఓడలో గదియు, పానీయపు చీటియు

మా చిత్తూరునకు సముద్రము లేదు. కొండలు కలవు, మామిడితోటలు కలవు, మంచి వానలు కురిసిన యేడు మాత్రము నిండుగ బాఱెడి నీవానది కలదు. సముద్రమును జూడవలెనన్న మేము నూటయేబది కిలోమీటర్లు దాటి చెన్నపట్టణమునకు బోవలయును. అందుచేత మా యింట ఓడప్రయాణమను మాట పుట్టినప్పుడు మొదట నవ్వితిమి; పిమ్మట లెక్కలు వేసితిమి; తుదకు కొంచెము కంట తడియు బెట్టితిమి. ఆ సంగతి మీకు విన్నవించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఇది ధనవంతుల ముచ్చట, మనకేల యని మీరనవచ్చును. మేమును అట్లే యనుకొంటిమి. కాని యిపుడు విహారనౌకలు మన రేవులకును వచ్చుచున్నవి. 1990లో ఫ్రాన్సు దేశమున గట్టబడిన ‘ఎంప్రెస్’ అను నోడ 2021 సెప్టెంబరునందు కార్డీలియా సంస్థవారి పేర బొంబాయినుండి యాత్రికులను గొనిపోవ నారంభించెను. 2022 జూనునం దది చెన్నపట్టణమునుండి బయలుదేఱి విశాఖపట్టణమునకును వచ్చెను. 2023 సెప్టెంబరున విశాఖ రేవునందు విహారనౌకల కొఱకే యొక అంతర్జాతీయ టెర్మినల్ తెఱువబడెను. కావున మీలో పలువురకు నేడో ఱేపో యీ ప్రసక్తి రాకపోదు. మే మెక్కిన యోడ పేరు చెప్పుట యనవసరము. మేము చేసిన పొరపాట్లు మావియే గాని యోడవి గావు.

మావారు ఉన్నత పాఠశాలయందు ఉపాధ్యాయులు. మా మఱది బెంగుళూరునందు కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. అత్తగారికి డెబ్బదిరెండేండ్లు. వంటయిల్లు, తులసికోట, సంవత్సరమున కొకసారి తిరుమల—ఇంతియే యామె లోకము. బౌధాయన ధర్మసూత్రములందు సముద్రయానము పాతకములలో నెన్నబడినదని మే మొకనాడు పరిహాసమున కన్నపుడు ఆమె, “ఆ పాపమును నాకే రానిమ్ము, అమ్మాయీ! ఒక్కమారు నీటి నడుమనుండి సూర్యోదయమును జూచివచ్చెదను” అనిరి. ఆ మాట మఱది చెవిని బడినది. అన్నదమ్ము లిరువురును గలిసి వేసవి సెలవులలో రెండు రాత్రుల ప్రయాణము నిశ్చయించిరి.

ఇక గదుల సంగతి. ఓడలో సామాన్యముగ నాలుగు తెగల గదు లుండును. మొదటిది లోపలి గది. దానికి కిటికీ యుండదు. రెండవది సముద్రము కనబడు గది. దానికి తెఱువరాని గాజుపలక యుండును. మూడవది బాల్కనీ గది. దానికి రెండు కుర్చీలు పట్టునంతటి వసారా యుండును. నాలుగవది సూట్ అనబడు విశాలమైన గది. ధర యీ వరుసనే యెక్కుచు బోవును. కాని భోజనశాల, నాటకశాల, ఈతకొలను, పై డెక్కుమీది గాలి—ఇవి మిక్కిలి యోడలలో నందఱకును సమానమే. కొన్ని పెద్ద యోడలందు మాత్రము గొప్ప గదులవారికి భోజనశాలయే వేఱు. నార్వేజియన్ వారి హేవెన్, ఎమ్మెస్సీ వారి యాట్ క్లబ్ అనునవి యట్టివి. కావున హెచ్చు గదికి సొమ్ము కట్టుటకు ముందు, గది మాత్రమే మాఱునా, లేక మఱేదైన దానితో వచ్చునా యని యడిగి తెలిసికొనవలయును.

గది కొన్న పిమ్మట “మీ గదిని అప్‌గ్రేడు చేసికొనుడు” అని యుత్తరములు వచ్చుచుండును. ఇందు రెండు రీతులు కలవు. తేడా సొమ్ము కట్టి, మన కిష్టమైన గదిని మనమే యెన్నుకొనుట యొకటి. వేలమువలె “ఇంత యిత్తుము” అని వ్రాసి పంపి వేచియుండుట రెండవది. ఈ రెండవదానియందు జాగ్రత్త వలయును. అందు వ్రాయు మొత్తము సామాన్యముగ తలకు గాని గదికి గాదు. అదియే యిద్దఱకు రెండింతలగును. వారంగీకరించిన వెనుక సొమ్ము తిరిగి రాదు. ఏ యంతస్తున, ఏ మూల గది యిత్తురో మన చేతిలో నుండదు. ఓడ నడుమ, క్రింది యంతస్తులందు ఊపు తక్కువ. ముందు వెనుక కొనలందును పై యంతస్తులందును ఊపు హెచ్చు. తల తిరుగువారు చవుక గదిని నడుమ నెన్నుకొని, పిదప ఆశపడి వేలమున బాల్కనీ గదిని గొనినచో, అది పై కొనయందు దొరకి, కుర్చీలున్నను గూర్చుండలేక మంచము పట్టవచ్చును. కొన్ని గదుల కిటికీల కెదుట జీవనౌకలు వ్రేలాడుచుండును. నాటకశాలమీది గదులందు నిద్దుర పట్టదు. ఓడ పటమును ముందుగ జూచుకొనుట మన యిల్లాండ్రకు దగిన పని. ఇల్లు బాడుగకు బుచ్చుకొనునపుడు నూతిని, పొరుగును జూడమా?

మఱది తన భార్యాబిడ్డలకు బాల్కనీ గదిని దీసికొనెను. మావారు మాకును, అత్తగారికిని, మా అమ్మాయికిని లోపలి గదిని దీసికొనిరి. ఒకనాడు మఱది ఫోనున, “వదినా, మీ గదిని గూడ బాల్కనీ గదిగ మార్పించెదను. తేడా సొమ్ము నేనిచ్చుకొనెదను. అన్నయ్యతో మీరే చెప్పవలెను” అనెను. చెప్పితిమి. మావా రొక నిమిషమూరకుండి, “వాడు మంచివాడే. కాని తమ్ముని సొమ్ముతో గాలి పీల్చుట నాకు జేతగాదు. నిద్రించువారికి కిటికీ యేల?” అనిరి. ఆ తేడా మావారి నెల జీతములో నాలుగవ పాలు. అమ్మాయి చదువునకు దాచినదానిని ముట్టమని మేమును నిశ్చయించుకొంటిమి. అత్తగారిని మాత్ర మెవ్వరు నడుగలేదు. మన మానమును గాపాడుకొంటిమని మనసులో గర్వించితిమి గూడ.

ఓడ యెక్కిన నాడే యందఱను బిలిచి, ఆపద వచ్చినచో నెచట గుమిగూడవలెనో, ప్రాణరక్షణపు కోటు నెట్లు దొడుగవలెనో నేర్పిరి. 1912లో టైటానిక్ మునిగిన పిమ్మట 1914లో పలు దేశములు గూడి సముద్రముపై ప్రాణరక్షణకై యొడంబడిక చేసికొనినవి. నేటి యీ యభ్యాసమునకు మూల మదియే. సూట్ గదివారును మేమును ఒకే వరుసయందు నిలుచుంటిమి. అది చూచి మాకు సంతోషమయ్యెను.

సాయంకాలమున పానీయపు చీటి ప్రస్తావన వచ్చెను. ఓడలో భోజనము ప్రయాణపు సొమ్ములోనిదే. త్రాగునీరు, భోజనశాలలోని మామూలు కాఫీ, తేనీరు సాధారణముగ వేఱుసొమ్ము లేకయే దొరకును. సీసాలలోని చల్లని పానీయములు, పండ్లరసముల మిశ్రమములు, ప్రత్యేకపు కాఫీలు, మద్యము—వీనికి వేఱుగ నీయవలెను. ఒక్కొక్కదానికి నీయనక్కఱలేకుండ దినమున కింత యని ముందుగ గట్టునదే ప్యాకేజీ. దినమునకు 1500 రూపాయలనియు, గ్లాసొకటి 250 రూపాయలనియు ననుకొందము. ఆఱు గ్లాసులు త్రాగినగాని పెట్టిన సొమ్ము రాదు. ఏడవదానితో గాని లాభము మొదలుకాదు. ఆఱు గ్లాసులు త్రాగు నాడువారు మనలో నెంద ఱున్నారు? మఱియు ప్రయాణపు దినము లన్నిటికిని గట్టవలెను. ఒకరి చీటిపై నొకరు త్రాగరాదు. అమెరికా కంపెనీలలో గొన్ని, సేవాశుల్కమని నూటికి 18 మొదలు 20 వఱకు పైన జేర్చుచున్నవి. గదిలో నొకరు మద్యపు చీటి తీసికొనినచో, ఆ గదిలోని తక్కిన పెద్దలును తీసికొనవలెనను నియమము గూడ నచట పెక్కు కంపెనీలకు గలదు. అనగా భర్త త్రాగుటకు, త్రాగని భార్యయు సొమ్ము గట్టవలెను! అమెరికాలో బిడ్డలున్న తల్లులు వారు టిక్కెట్లు కొనునపుడీ సంగతి జ్ఞాపకముంచుకొనవలయును.

మా తోడికోడలు తన గదివారి కందఱకును పండ్లరసముల చీటి తీసికొనెను. రాత్రి భోజనమునకు ముందే నాలుగు గ్లాసులు త్రాగి, “అక్కా, ఇంకను రెండు త్రాగినగాని మన డబ్బు రాదు” అని నవ్వుచు నైదవది తెప్పించెను. ఓడ కొంచె మూగుచుండెను. ఆఱవ గ్లాసు పూర్తికాకమునుపే యామె గదికి బరుగెత్తెను. భోజనశాలవారి నడిగి, ఉప్పు వేసిన నిమ్మనీ రొక గ్లాసు పట్టుకొనిపోయి త్రాగించితిమి. దానికి వెల లేదు! చెల్లించిన సొమ్ము వృథాపోరాదని కడుపును బాధపెట్టుట పెండ్లిభోజనములందును జూచుచునే యున్నాము. ఓడలో నది కొంత హెచ్చు.

ఇంతవఱకు నవ్వదగిన కథ. ఆ రాత్రి జరిగినది మాత్రము నవ్వదగినది గాదు.

లోపలి గదిలో దీప మార్పినంతనే కన్ను పొడుచుకొన్నను గానరాని చీకటి. పగలును రేయియు నచట నొక్కటియే. మాకు మూడుగంటల వేళ మెలకువ వచ్చి దీపము వేయగా, అత్తగారు స్నానము చేసి, ఉతికిన చీర గట్టుకొని, మంచపు కోడు పట్టుకొని గూర్చుండియున్నారు. “ఎంతసేపైనది, అత్తయ్యా?” అనినచో, “తెలియదమ్మా. కోడికూత లేదు, కిటికీ లేదు. కండ్లద్దము చేతికి దొరకలేదు. తెల్లవాఱినదేమో యని లేచితిని. మిమ్ము లేపిన భయపడుదురని యూరకుంటిని” అనిరి. చీకటిలోనే తడవుకొనుచు నామె స్నానము చేసి, ఎంతకాలమట్లు గూర్చుండిరో మాకు దెలియదు. ఊపుచున్న యోడలో కాలు జాఱియుండినచో? సూర్యోదయమును జూడవచ్చిన వృద్ధురాలిని, సూర్యుడే లేని గదిలో బెట్టితిమి. దానికి ఆత్మగౌరవమని పేరు పెట్టుకొంటిమి.

ఐదుగంటల కామె చేయి పట్టుకొని మఱది గది తలుపు తట్టితిమి. తోడికోడలు తన యలసటను మఱచి, చెదరిన జుట్టుతోనే తలుపు తీసి, బాల్కనీలో కుర్చీ వేసి, తన శాలువ కప్పెను. అదృష్టవశమున నా వసారా తూర్పునకే యుండెను. మొదట బూడిదవన్నె, పిమ్మట కుంకుమవన్నె. అటుపై నీటి యంచునుండి బింబము పైకి వచ్చెను. సముద్రములో నేమియు వేయరాదని యోడవారు చెప్పిరి గనుక అత్తగారు దోసిటి నీటిని గిన్నెలోనే విడిచి మ్రొక్కిరి. ఎంతోసేపటికి, “దీనికి ఆవలియొడ్డు లేదా, అమ్మాయీ?” అనిరి. మావారు మా వెనుకనే వచ్చి నిలిచియుండిరి. “ఈ రాత్రి అమ్మను నీ గదిలో నుండనిమ్ము” అని తమ్ముని నడిగిరి. ఎవరిని నేదియు నడుగని మనిషి! మఱది కన్నులు తుడిచికొని, “అది అమ్మ గదియే, అన్నయ్యా” అనెను. ఓడ కార్యాలయమువారి యనుమతితో వారి పెద్దపిల్లవాడు మా గదికి వచ్చెను. వానికి చీకటి గది మిక్కిలి నచ్చెను. పదిగంటల వఱకు నిద్రించెను!

తిరిగివచ్చుచు మావారొక సంగతి చెప్పిరి. మా చిత్తూరు 1911లో జిల్లా కాకమునుపు ఉత్తరార్కాడు జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ జిల్లానుండి వేలకొలది జనులు ఒప్పందపు కూలీలై నటాలునకును, ఫిజీకిని బోయిరి. మదరాసునుండి బయలుదేఱిన ట్రూరో అను నోడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బను రేవు చేరినది. ఇంచుమించు ఐదు వారముల ప్రయాణము. విశాఖ, కాకినాడలనుండి రంగూనునకు గూలికి బోయిన మనవారు డెక్కుమీద చాపలు పఱచుకొని పోయిరి. వారికి గదిని గోరుకొను మాటయే లేదు. కోరుకొను భాగ్యము మనకు గలిగినది. గొప్పకై కొనుటయు, బింకమునకై మానుటయు—రెండును దానిని బాడుచేయుటయే.

కావున సోదరీమణులారా, ఓడగది నెన్నుకొనునపుడు పక్కింటివారేది కొనిరని చూడకుడు. అందు నిద్రించునదెవరో చూడుడు. పగలెల్ల డెక్కుమీద దిరుగు పడుచువారికి లోపలి గది చాలును. ముసలివారికి, చంటిబిడ్డల తల్లులకు, చీకటికి వెఱచువారికి వెలుతురు వచ్చు గది యవసరమే గాని విలాసము గాదు. అది కొనలేనిచో చిన్న రాత్రిదీపమును, కండ్లద్దములను తలదాపున నుంచుడు. పానీయపు చీటి కొనుటకు ముందు మీ యింటివారు దినమున కెన్ని గ్లాసులు త్రాగుదురో వ్రేళ్లపై లెక్కించుడు. అన్నిటికంటె ముందు, ఇంటిలోని పెద్దవారిని “మీకేది కావలెను?” అని యడుగుడు. మేమడుగలేదు. ఆ యొక్క ప్రశ్నకు వెల లేకుండెను.