ఏనుగు సీళ్ళ లైసెన్సు

మా తాత సరుకుల అంగడిలో దేవుడి పటాల పక్కన ఇంకో పటం ఉండేది. అంగడి లైసెన్సు! లైసెన్సంటే ‘చేసుకో పో’ అని గవర్నమెంటు ఇచ్చే మాటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. దక్షిణ జార్జియా గురించి చదివాక ఆ పటం మళ్ళీ గుర్తొచ్చింది.

దక్షిణ అట్లాంటిక్‌లో మంచుకొండల దీవి అది. 1775లో కెప్టెన్ కుక్ అక్కడ దిగి, సీళ్ళున్నాయని లోకానికి చెప్పాడు. అంతే, వేటగాళ్ళు ఎగబడ్డారు. బొచ్చు కోసం ఒక జాతిని, నూనె కోసం ఏనుగు సీళ్ళను చంపుకుంటూ పోయారు. కొన్ని దశాబ్దాల్లోనే బొచ్చు సీళ్ళు దాదాపు మాయం. అడిగేవాళ్ళు లేరు.

1910 నుంచి ఫాక్‌లాండ్ దీవుల బ్రిటిష్ ప్రభుత్వం ఏనుగు సీళ్ళ వేటకు లైసెన్సులిచ్చింది. ఎదిగిన మగవాటినే చంపాలి. ఆడవాటిని, పిల్లల్ని ముట్టకూడదు. తీరాన్ని నాలుగు భాగాలు చేసి ఏటా ఒక భాగాన్ని వదిలెయ్యాలి, మనం చేను బీడు పెట్టినట్టు. ఒక్క మగదాని చుట్టూ పదులకొద్దీ ఆడవి ఉంటాయి కాబట్టి మిగిలిన మగవి అదనమని లెక్క. ఇది చెబితే హాస్టల్లో అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ప్రాణమున్నదాన్ని అదనం అనడం నాకు మింగుడు పడలేదు.

అయినా రాను రాను దొరికే మగవి చిన్నవైపోయాయి. రిచర్డ్ లాస్ అనే శాస్త్రవేత్త వాటి కోరపళ్ళు కోసి చూశాడు. చెట్టు మానులోలాగా లోపల వలయాలు! వాటిని లెక్కిస్తే వయసు తెలుస్తుంది. 1952లో ఆయన సలహాపై కోటాను ఏడాదికి 6,000కు దించారు. చంపినవాటి పళ్ళు కొన్ని ఏటా పరీక్షకు పంపాలన్నారు. తర్వాత సగటు వయసు మళ్ళీ పెరిగింది.

తిమింగలాల వేటకూ అదే ప్రభుత్వం లైసెన్సులిచ్చింది. కానీ 1925 తర్వాత తిమింగలాన్ని నడిసముద్రంలోనే పైకి లాగి కోసే ఓడలొచ్చాయి. వాటికి దీవితో పనిలేదు, దీవి లైసెన్సుతోనూ పనిలేదు. సీలు ఒడ్డుకొచ్చే జంతువు కాబట్టి ఇన్‌స్పెక్టరుకు అందింది. చివరికి తిమింగలాలు తరిగి స్టేషన్లు మూతపడ్డాయి. వాటితోనే 1964లో సీళ్ళ వేటా ఆగింది. అప్పటికి లైసెన్సు మీద పోయినవి రెండున్నర లక్షలపైనే. ఇది కాపాడటమా, పద్ధతిగా చంపడమా? నాకింకా తేలలేదు.

మొన్న ఆదివారం నాన్నకు ఫోన్ చేసి అంగడి లైసెన్సులో ఏం రాసుండేదని అడిగాను. ఎప్పటిలాగే అరవంలో జవాబిచ్చాడు: ముందువైపు తాత పేరు, ముద్ర. షరతులన్నీ వెనకవైపు ఉండేవట. పటం కట్టించాక వాటినెవరూ చదవలేదట.